కష్టాల దొర

అబుదాబిలో ఉండే మనవాళ్లు చూసే ఉంటారు. సాయంత్రం పూట తెల్లటి మందపాటి కోట్లు తొడుక్కుని, నడుముకు బెల్టు బిగించుకుని పిల్లలు బిలబిలమంటూ క్లాసులకు పోతుంటారు. కరాటే అనుకుంటాం. కాదు, అది జియుజిత్సు. 2008లో ఇక్కడి స్కూళ్లలో దాన్ని ఒక పాఠంగా మొదలుపెట్టారు. పెద్ద పెద్ద పోటీలకు ప్రపంచం నలుమూలల నుంచి ఆటగాళ్లు ఈ ఊరికే వస్తారు. నేర్పే కోచ్‌లలో చాలామంది బ్రెజిల్ వాళ్లు. వాళ్లూ మనలాగే వీసా మీద వచ్చి, తెలిసిన పని చేసుకుని ఇంటికి డబ్బు పంపుకునేవాళ్లే.

జియుజిత్సు అనే మాట జపాన్‌ది. కానీ ఈ ఆటను బ్రెజిలియన్ జియుజిత్సు అంటారు. నేర్చుకుంటున్నది అరబ్బుల గడ్డ మీద. ఒక విద్య ఇన్ని సముద్రాలు ఎలా దాటింది అని అడిగితే, జవాబులో ముందుగా వచ్చే పేరు మిత్సుయో మయేదా. 1878లో జపాన్‌లో పుట్టి 1941లో బ్రెజిల్‌లో కన్నుమూశాడు. పాతికేళ్లు దాటాక ఓడ ఎక్కినవాడు మళ్లీ సొంత గడప తొక్కలేదు.

ఈ మనిషి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ముప్పై నాలుగేళ్ల వయసులో, నడుం నొప్పికి ఏదైనా వ్యాయామం చేయాలని ఒక క్లాసులో చేరి తెల్ల బెల్టు కట్టుకున్నాను. సైటులో అరవై మంది నా మాట వింటారు. అక్కడ మాత్రం నాకంటే పదిహేను కిలోలు తక్కువున్న కుర్రాడు ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు నా మెడ పట్టాడు. ఈ ఆటలో ఓడిపోతే ఎదుటివాడి ఒంటి మీద చేత్తో తట్టాలి, వాడు వెంటనే వదిలేస్తాడు. తట్టీ తట్టీ అలసిపోయి గోడకు చేరగిలబడితే, ఎదురుగా ఒక పాత ఫోటో. కోటు వేసుకున్న పొట్టి జపాన్ మనిషి. ఎవరీయన అని అడిగాను. అక్కడ మొదలైంది ఈ కథ.

సుమోకు పనికిరాని కుర్రాడు

మయేదా పుట్టింది జపాన్ ఉత్తరాన అవోమోరి జిల్లాలో, హిరోసాకి దగ్గర ఫునాజావా అనే పల్లెలో. 1878 నవంబరు 18న. మంచు విపరీతంగా పడే ప్రాంతం. కుర్రతనంలో సుమో కుస్తీ పట్టేవాడు. సుమో అంటే కొండంత మనుషులు ఆడే ఆట. మయేదా పెద్దయ్యాక కూడా ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. ఆ ఒడ్డూ పొడుగుతో సుమోలో అన్నం పెట్టేవాళ్లు లేరు.

చదువు కోసం ఇంట్లోవాళ్లు టోక్యో పంపారు. తర్వాత వసేదా యూనివర్సిటీగా పేరుపడ్డ కాలేజీలో చేరాడు. ఆ రోజుల్లో టోక్యోలో కుర్రాళ్ల నోట నానుతున్న పేరు జిగోరో కానో. 1882లో ఒక బౌద్ధ గుడిలో పన్నెండు చాపలు పరిచి కొడోకాన్ అనే బడి పెట్టిన పంతులు. ఆయన కూడా చిన్న సైజు మనిషే. పాత జియుజిత్సు పద్ధతులు పలువురి దగ్గర నేర్చుకుని, అందులో ప్రమాదకరమైనవి పక్కనపెట్టి, మిగిలినవి పూర్తి బలంతో రోజూ సాధన చేసుకునేలా మార్చాడు. దానికి జూడో అని పేరు పెట్టాడు.

కానో చెప్పిన సూత్రం మన పనివాళ్లకు కొత్తది కాదు. పెద్ద బండను పదిమంది చేతులతో తోసినా కదలదు. సరైన చోట గడ్డపార పెట్టి, కింద చిన్న రాయి ఆనిస్తే ఒక్కడు కదిలిస్తాడు. జూడోలో మన ఒళ్లే గడ్డపార. తుంటి కింద తుంటి పెట్టి, ఎదుటివాడి బరువు ముందుకు వాలిన క్షణం చూసి లాగితే వాడి బరువే వాడిని పడేస్తుంది. బలం అక్కర్లేదని కాదు, ఉన్న బలం వృథా కాకూడదని.

మయేదా తొలిసారి కొడోకాన్ గుమ్మంలో నిలబడితే, సామాను తెచ్చిన కుర్రాడనుకున్నారట. పల్లెటూరి వాలకం, చిన్న ఒళ్లు. కానో మాత్రం తీసుకెళ్లి త్సునెజిరో తోమితాకు అప్పగించాడు. కానో శిష్యుల్లో మొదటివాడు, పేరుమోసిన నలుగురిలో ఒకడు, పొట్టి మనిషి తోమితా. సైజుతో పనిలేదని కొత్త కుర్రాడికి నోటితో చెప్పకుండా, పొట్టి గురువుని ఎదురుగా నిలబెట్టి చూపించడమన్నమాట.

అలా మొదలైనవాడు కొన్నేళ్లలోనే కొడోకాన్‌లో మంచి ఆటగాడిగా లెక్కకొచ్చాడు. కాలేజీల్లో నేర్పే స్థాయికి ఎదిగాడు.

అమెరికాలో పోయిన పరువు

1904లో జపాన్, రష్యా యుద్ధం నడుస్తోంది. చిన్న జపాన్ పెద్ద రష్యాను ఎలా ఎదిరిస్తోందని లోకమంతా ఆశ్చర్యపోతున్న రోజులు. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ స్వయంగా యమషిత అనే కొడోకాన్ గురువు దగ్గర జూడో నేర్చుకున్నాడు. ఆ ఊపులోనే తోమితా, మయేదా 1904 నవంబరులో యోకహామాలో ఓడెక్కి, డిసెంబరులో న్యూయార్క్ చేరారు.

1905 ఫిబ్రవరిలో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో ప్రదర్శన. ముందు గురుశిష్యులు పద్ధతి ప్రకారం పట్లు చూపించారు. తర్వాత మయేదా ఒక క్యాడెట్‌ను తేలిగ్గా పడేశాడు. కానీ ప్రదర్శనలో పడేస్తూ కనిపించింది తోమితా కాబట్టి, కుర్రాళ్లు ఆయనతోనే తలపడతామన్నారు. తోమితా నలభైకి దగ్గర పడ్డ మనిషి. మొదటివాడిని పడేశాడు. తర్వాత వచ్చినవాడు ఫుట్‌బాల్ ఆడే భారీ మనిషి, పేరు టిప్టన్. తోమితా వెనక్కి పడుతూ కాలితో ఎత్తి విసిరే పట్టు రెండుసార్లు వేశాడు. రెండుసార్లూ టిప్టన్ కదల్లేదు. పెద్దమనిషి కింద నలిగిపోయాడు.

వార్త పేపర్లకు ఎక్కింది. పరాయి దేశంలో మొదటి రోజుల్లోనే పదిమందిలో పరువు పోతే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తోమితా కొన్నేళ్లు అమెరికాలో నేర్పి స్వదేశం వెళ్లిపోయాడు. మయేదా వెళ్లలేదు. క్లాసులు పెట్టాడు, చాలినంత మంది రాలేదు. చివరికి బతకడానికి దొరికిన దారి ఒక్కటే. టికెట్టు కొని వచ్చిన జనం ముందు, పందెం డబ్బుకు కుస్తీ పట్టడం.

కొడోకాన్ పెద్దలకు అది నచ్చే పని కాదు. విద్యను స్టేజి మీద అమ్ముకోవడం వాళ్ల దృష్టిలో తప్పు. కానీ న్యూయార్క్‌లో అద్దె కట్టాల్సింది పెద్దలు కాదు కదా. మయేదా అమెరికా దక్షిణాది ఊళ్లు తిరిగాడు. తనకంటే ఇరవై, ముప్పై కిలోలు ఎక్కువున్నవాళ్లతో తలపడ్డాడు. దెబ్బలు తప్పించుకుంటూ దగ్గరికి చేరడం, కింద పడేయడం, నేల మీద చెయ్యో మెడో చిక్కించుకుని లొంగదీయడం. ఈ మూడు మెట్లూ ఆ పోటీల్లో రాటుదేలినవే. ఈ రోజు అబుదాబిలో తెల్ల బెల్టు కట్టిన కొత్తవాడికి చెప్పేది కూడా ఇంచుమించు ఇదే వరస.

పేరులోనే కష్టం

1907లో ఇంగ్లండ్ చేరాడు. 1908 మొదట్లో లండన్ అల్హంబ్రా థియేటర్‌లో పెద్ద కుస్తీ పోటీలు జరిగాయి. ఆడాల్సింది వాళ్ల రూల్స్ ప్రకారం, జూడో కోటు ఉండదు. మయేదా రెండు బరువుల్లో దిగాడు. మిడిల్ వెయిట్‌లో సెమీస్ దాకా, హెవీ వెయిట్‌లో ఫైనల్ దాకా వెళ్లాడు. ఫైనల్లో జిమ్మీ ఎస్సన్ అనే భారీ కుస్తీవీరుడి చేతిలో ఓడాడు. మయేదా ఎన్నడూ ఓడలేదని కొందరు గొప్పగా చెబుతారు. అది నిజం కాదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. 64 కిలోల మనిషి హెవీ వెయిట్ ఫైనల్ దాకా వెళ్లడం చాలదా?

అక్కడి నుంచి బెల్జియం, తర్వాత స్పెయిన్. స్పెయిన్‌లోనే ఆయనకు కొత్త పేరు వచ్చింది. జపాన్ భాషలో కోమారు అంటే ఇబ్బందుల్లో ఉండటం. చేతిలో డబ్బు ఆడక సతమతమవుతున్న రోజుల్లో తన మీద తనే వేసుకున్న జోకు అది అంటారు. దాని ముందు స్పానిష్‌లో జమీందారు లాంటి బిరుదైన కోండె చేర్చాడు. కోండె కోమా. మన భాషలో చెప్పాలంటే కష్టాల దొర. ఊరు వదిలి వచ్చిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పెట్టుకోదగ్గ పేరు.

ఆ పేరుతోనే 1908 చివర్లో క్యూబా వెళ్లాడు. అక్కడి నుంచి మెక్సికో, మళ్లీ క్యూబా. సతాకే, ఓనో, ఇతో అనే ముగ్గురు జపాన్ సహచరులతో కలిసి ఆడితే జనం వీళ్లను క్యూబా నలుగురు రాజులన్నారు. 1912లో కొడోకాన్ ఆయనకు ఐదో డాన్ ఇచ్చింది. పందెం కుస్తీలు పట్టినవాడికి ఎందుకని అభ్యంతరాలు వచ్చాయి, అయినా ఇచ్చారు. తర్వాత మధ్య అమెరికా దేశాలు, కొలంబియా, ఈక్వెడార్, పెరూ, చిలీ, అర్జెంటీనా. ఒక్కో దేశంలో కొన్ని నెలలు, మళ్లీ మూటా ముల్లె. పదేళ్ల పాటు స్థిరమైన అడ్రసు లేదు.

నాలుగు మీటర్ల గది

1914 నవంబరులో బ్రెజిల్ దక్షిణాన పోర్టో అలెగ్రెలో అడుగుపెట్టాడు. దేశం నిలువునా తిరిగి, 1915 చివరికి ఉత్తరాన అమెజాన్ నది ఒడ్డున ఉన్న మనౌస్ చేరాడు. ఆ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో బెలెం అనే రేవు పట్టణం ఉంది. పారా రాష్ట్రానికి రాజధాని. ఒకప్పుడు రబ్బరుతో కోట్లకు పడగలెత్తిన ఊరు. మలయా తోటల రబ్బరు మార్కెట్లోకి వచ్చాక ఆ వైభవం కూలింది. ఎండ, వాన, దోమలు. మంచు ప్రాంతంలో పుట్టిన మయేదా తిరిగీ తిరిగీ స్థిరపడటానికి ఎంచుకున్నది ఈ ఊరినే. అక్కడే పెళ్లి చేసుకుని సంసారం పెట్టాడు.

1917 ప్రాంతంలో బెలెంలోని ద పాజ్ థియేటర్‌లో ఆయన ప్రదర్శన చూసినవాళ్లలో కార్లోస్ గ్రేసీ అనే అబ్బాయి ఉన్నాడు. పుట్టింది 1902లో. చదువు మీద ధ్యాస లేక అల్లరిచిల్లరగా తిరిగేవాడు. సర్కస్ వ్యాపారంలో ఉన్న తండ్రి గస్తావోకు మయేదాతో పరిచయం ఉంది. కార్లోస్‌ను శిష్యుడిగా తీసుకున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. మయేదా నేర్చుకున్నది జూడో అయితే ఇది జియుజిత్సు ఎలా అయింది? ఆ కాలంలో జపాన్ బయట జూడోను చాలామంది కానో జియుజిత్సు అనే పిలిచేవారు. బ్రెజిల్ జనం నోట ఆ పాత పేరే నిలిచిపోయింది. జపాన్‌లో జూడో ఎక్కువగా నిలబడి పడేసే వైపు వెళ్లింది. బ్రెజిల్‌లో శిష్యులు నేల మీద పోరాటాన్ని పట్టుకుని పెంచారు. ఒకే చెట్టు, రెండు కొమ్మలు.

1921లో మయేదా బెలెంలో క్లూబె దొ రెమో అనే క్లబ్బులో సొంత శిక్షణశాల తెరిచాడు. దాని సైజు నాలుగు మీటర్లకు నాలుగు మీటర్లు. టేపు పట్టి కొలిచే వృత్తి నాది కాబట్టి చెబుతున్నా, మన క్యాంపుల్లో ఆరుగురు పడుకునే గదికి అటూ ఇటూ ఉంటుంది. పోలీసులు, ఉద్యోగులు, ఊళ్లో కుర్రాళ్లు నేర్చుకోవడానికి వచ్చేవారు.

గ్రేసీ కుటుంబం తర్వాత రియో నగరానికి తరలిపోయింది. కార్లోస్ 1925లో అక్కడ అకాడమీ తెరిచి తమ్ముళ్లకు నేర్పాడు. వాళ్లలో చిన్నవాడు హేలియో, 1913లో పుట్టాడు. బక్కపల్చటి మనిషి. బలంతో చేసే పట్లు తన ఒంటికి కుదరక, అన్నలు చేసేవాటిని తనకు వీలుగా మార్చుకున్నాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. 2009లో చనిపోయేదాకా ఈ విద్యలోనే ఉన్నాడు. మయేదా దగ్గర నేర్చుకున్నవాడిగా లూయిజ్ ఫ్రాన్సా పేరు కూడా చెబుతారు. ఆయన శిష్యుడు ఓస్వాల్దో ఫద్దా రియో శివార్లలో, ఫీజు కట్టలేని పేదవాళ్లకు ఈ ఆట నేర్పాడు. ఈ ఆట డబ్బున్నవాళ్ల అకాడమీలు దాటి కూలీల వాడలకు చేరింది ఆయన లాంటివాళ్ల వల్లే.

నేలతో కుస్తీ

మయేదా కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. నలభై ఐదు దాటాక ఆయన మనసు కుస్తీల మీద లేదు. జపాన్ నుంచి వచ్చే వలసజనం మీదికి మళ్లింది. 1908 నుంచే జపాన్ రైతులు బ్రెజిల్ దక్షిణాన కాఫీ తోటల్లో కూలికి వస్తున్నారు. 1920లలో పారా ప్రభుత్వం అడవి భూములు ఇస్తామంది. జపాన్ నుంచి ఒక కంపెనీ ముందుకొచ్చింది. భాష తెలిసిన, ఊళ్లో పలుకుబడి ఉన్న మయేదా ఈ పనిలో దిగాడు. బ్రెజిల్ పౌరసత్వం తీసుకున్నాడు.

1929 సెప్టెంబరులో మొదటి జట్టు, నలభైకి పైగా కుటుంబాలు, టోమె అసు అనే చోట అడవిలోకి దిగింది. కోకో పండిద్దామనుకున్నారు, కలిసిరాలేదు. మలేరియా వచ్చింది. బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లున్నారు. తట్టుకోలేక చాలా కుటుంబాలు వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి. చెప్పింది ఒకటి, కనిపించింది ఒకటి. ఏజెంటు మాట నమ్మి విమానం ఎక్కిన మనవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మయేదా కంపెనీ వైపు మనిషి కూడా. అందుకే ఈ భాగం చదువుతుంటే నాకు ఆయన మీద గౌరవంతో పాటు కొంచెం బరువూ అనిపిస్తుంది. పది దేశాలు తిరిగి కష్టం అంటే ఏమిటో తెలిసిన మనిషి చేయి వేసిన పనిలోనూ జనం కష్టపడ్డారు.

1933లో ఆ కాలనీకి సింగపూర్ నుంచి ఇరవై మిరియాల మొక్కలు వచ్చాయి. బతికినవి రెండో మూడో. వాటి నుంచే తోటలు పెరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిరియాల ధర ఆకాశానికి ఎగిస్తే టోమె అసు నిలదొక్కుకుంది. ఆ కాలం చూడటానికి మయేదా లేడు.

ఒక్కరోజు తేడా

1941 నవంబరు 27న కొడోకాన్ ఆయనకు ఏడో డాన్ ప్రకటించింది. మర్నాడు, నవంబరు 28న, బెలెంలో కిడ్నీ జబ్బుతో ఆయన కన్నుమూశాడు. వయసు 63. ఆ కబురు ఆయనకు చేరనే లేదు. ఒకప్పుడు తప్పుబట్టిన బడి చివరికి పెద్దరికం ఇచ్చిందని తెలియకుండానే పోయాడు. తొమ్మిది రోజుల తర్వాత పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. 1942లో బ్రెజిల్ యుద్ధంలోకి దిగాక, ఆ ప్రాంతంలోని జపాన్ వాళ్లను శత్రుదేశస్తులుగా చూసి టోమె అసు కాలనీలోనే కట్టడి చేశారు. ఆ రోజు చూడకుండా వెళ్లడం ఒక్కటే అదృష్టం అనుకోవాలి.

1956లో పుట్టిన ప్రాంతమైన హిరోసాకిలో ఆయనకు స్మారకం కట్టారు. మనిషి వెళ్లలేని ఊరికి పేరు వెళ్లింది.

నేను ఆ ఫోటో కింద కూర్చుని ఆలోచించింది ఒకటే. ఆయన బెలెంలో నేర్పిన కుర్రాళ్లలో ఒకడి ద్వారా తన పని లోకమంతా పాకుతుందని ఆయనకు తెలియదు. జనం ముందు గెలిచిన కుస్తీలు ఆ రాత్రితో అయిపోయాయి. నాలుగు మీటర్ల గదిలో ఎవరికో నేర్పింది మిగిలింది. సైటులోనూ అంతే. నాకు లెవెలు చూడటం నేర్పిన సిరిసిల్ల మేస్త్రీ ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయాడు. నేను రోజూ చేసేది ఆయన పనే.

పోయిన నెల మా సైటులో హెల్పరు కుర్రాడు, నిజామాబాద్ వైపు వాడు, వాచిన నా చెవి చూసి, ఏమైంది అన్నా అని అడిగాడు. చెప్పాను. తనకూ నేర్పమన్నాడు. నేనే ఇంకా తెల్ల బెల్టు, ఏం నేర్పుతాను? అయినా సెలవు రోజున క్యాంపు వెనక మెత్తటి ఇసకలోకి తీసుకెళ్లాను. ఈ ఆటలో ఎవరికైనా మొదట నేర్పేది పడటం. గడ్డం లోపలికి, వీపు గుండ్రంగా, చెయ్యి చాచి నేలను చరచాలి. వాడు మొదటిసారి బస్తాలా దభీమని పడ్డాడు. నాలుగోసారికి తల నేలకు తగలకుండా పడ్డాడు. లేచి ఇసక దులుపుకుని, ఇంకోసారి అన్నా అన్నాడు.